రంగూన్‌లో నాలుగు రోజులు: దొరికిన సమాధి, దొరకని సమాధులు

ఈ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మాకు మొదట పెనుకొండ గుర్తుకు వచ్చింది. బాబయ్య దర్గా గురించి, షేర్‌ఖాన్ మసీదు గురించి మన పెద్దలు ఇదివరకే చాలా రాసినారు. కాబట్టి ఈసారి కాస్త దూరం పోదామనుకున్నాము. 2020 జనవరిలో సంక్రాంతి సెలవులకు మేమూ, మా బావమరిదీ కలకత్తా మీదుగా రంగూన్ పోయి నాలుగు రోజులు ఉండి వచ్చినాము. వచ్చిన రెండు నెలలకే కరోనా వచ్చి బడులు మూతపడినాయి. మరుసటి ఏడు 2021 ఫిబ్రవరిలో ఆ దేశంలో సైన్యం మళ్ళీ అధికారం పట్టుకుంది. ఆ నాలుగు రోజుల సంగతి నోటు పుస్తకంలోనే ఉండిపోయింది. ఇప్పుడు మీ ముందు పెడుతున్నాము.

"సెలవులు దొరికితే ఊటీకో, హైదరాబాదుకో పోతారు గానీ రంగూన్ ఏమిటి సార్?" అని మా స్టాఫ్ రూంలో అందరూ నవ్వినారు. దానికి కారణాలు రెండు. ఒకటి, ఉర్దూ మీడియం బడిలో ఇరవై ఏండ్లకు పైగా మేము బహదూర్ షా జఫర్ గజళ్ళు పాఠం చెబుతున్నాము. పరాయి దేశంలో పూడ్చబడిన ఆ పాదుషా సమాధి ఒక్కసారైనా చూడకుండా పిల్లలకు ఆ పాఠం చెప్పడం మాకు వెలితిగా ఉండేది. రెండోది మా ఇంటి సంగతి. దాన్ని ముందు చెప్పాలి.

మా తాతగారికి ఒక తమ్ముడు ఉండేవారు. మా ఇంట్లో అందరూ ఆయనను ఛోటే దాదా అనేవారు. వానలు లేక పశువులు చచ్చిన ఒక కరువు ఏడు, పశువుల తోళ్ళు కొని మద్రాసుకు పంపే ఒక వ్యాపారి దగ్గర ఆయన గుమాస్తాగా చేరినారు. కరువు వచ్చినప్పుడు మన పీఠభూమిలో లాభం వచ్చే వ్యాపారం అదొక్కటే. ఆ వ్యాపారి వెంబడే మద్రాసు పోయి, అక్కడినుంచి 1936లో స్టీమరెక్కి రంగూన్ పోయినారు. పెండ్లయి ఏడాది కూడా కాలేదు. మూడు నెలలకొకసారి మనియార్డరు, దానితో నాలుగు వరుసల ఉర్దూ ఉత్తరం వచ్చేవట. మొఘల్ స్ట్రీటులో సూర్తీ మసీదు దగ్గర ఒక మేడమీద పదిమందితో కలిసి ఉంటున్నానని ఒక ఉత్తరంలో ఉంది. 1941 తర్వాత ఉత్తరం లేదు, మనియార్డరు లేదు, మనిషి రాలేదు. ఆయన భార్య, మా ఛోటీ దాదీ, 1989 దాకా మా ఇంట్లోనే బ్రతికినారు. చివరిదాకా మెడలో నల్లపూసలు తీయలేదు. పోయిన మనిషి ఉన్నాడో లేడో తెలియక మా ఇంట్లో ఆయన పేర ఏనాడూ ఫాతిహా చదవలేదు.

ఊరు చూసిన ముచ్చట

రంగూన్ పేరు 1989లో యాంగాన్‌గా మారింది. 2005లో రాజధాని కూడా నేపిడాకు తరలింది. మాకు మాత్రం నోటికి రంగూన్ అనే వస్తుంది, అలాగే రాస్తున్నాము. మన అనంతపురంలో ఏడాదికి పడే వాన ఇరవై రెండు అంగుళాలు. రంగూన్‌లో నూరు అంగుళాలకు పైమాటే. మేము పోయినది వానలు లేని కాలం. అయినా ఊరినడుమ చెరువులు నిండుగా ఉన్నాయి. మా బావమరిది కందాజీ చెరువు గట్టుమీద నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంత నీళ్ళున్న ఊరికి మనవాళ్ళు ఎందుకు పోయినారో వేరే చెప్పాల్నా బావా" అన్నాడు.

ఆడా మగా అందరూ లుంగీలే కడతారు. దానిని వాళ్ళు లోంజీ అంటారు. ఆడవాళ్ళు, పిల్లలు చెంపలకు తనఖా అనే చెట్టు బెరడును అరగదీసిన గంధం పూసుకుంటారు. వీధివీధికీ టీ అంగళ్ళు. మోకాలెత్తు పీటలమీద కూర్చుంటే సమోసా, పరోటా తెచ్చి పెడతారు. మన బిర్యానీలాంటి దానిని అక్కడ 'దంబౌక్' అంటారు. రెండుసార్లు వినేసరికి మాకు అర్థమైంది, అది మన 'దమ్ పుఖ్త్'! ఫార్సీ మాట సముద్రం దాటి బర్మావాళ్ళ నాలుకమీద అట్లా కూర్చుంది.

పాత రంగూన్ వీధులు గీత గీసినట్టు ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళు 1852లో దిగువ బర్మాను గెలుచుకున్నాక, సూలే పగోడాను నడుమ పెట్టుకుని ఊరిని గళ్ళుగా కట్టించినారు. ఆ పగోడాకు ఎదురుగానే బెంగాలీ సున్నీ జామియా మసీదు ఉంది. కొంచెం దూరం నడిస్తే 26వ వీధిలో యూదుల ప్రార్థనాలయం. మొఘల్ స్ట్రీటును ఇప్పుడు ష్వే బొంథా వీధి అంటున్నారు. సూర్తీ మసీదు అక్కడే ఉంది. మేము అక్కడ జొహర్ నమాజు చదివినాము. ఆ చుట్టుపక్కల మేడలన్నీ తలెత్తి చూసినాము. ఉత్తరంలో ఇంటి నంబరు లేదు. ఏ మేడ అని ఎవరిని అడగాలి?

మనవాళ్ళు అక్కడికి ఎందుకు పోయినారు

ఇంగ్లీషువాళ్ళు ఐరావతి నది డెల్టాలో అడవి కొట్టించి వరి వేయించినారు. బర్మా నుంచి బియ్యం ప్రపంచమంతా పోయేది. మద్రాసు రాజధానికీ వచ్చేది, కరువు కాలంలో 'రంగూన్ బియ్యం' తిన్నామని మన పాతవాళ్ళు చెప్పేవారు. ఆ వరి కోయడానికి, మిల్లులు ఆడించడానికి, ఓడల్లో బస్తాలు ఎక్కించడానికి మనుషులు కావాలి. ఆ మనుషులను ఎక్కువగా విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలనుంచి తీసుకుపోయినారు. గోదావరి మొగన ఉన్న కోరంగి రేవు పేరుమీద బర్మాలో తెలుగు కూలీలకు 'కొరంగీలు' అని పేరు పడింది. 1839 తుఫానులో ఆ రేవు పాడైపోయింది. పేరు మాత్రం తెలుగువాళ్ళను వదలలేదు.

కూలీని పోగుచేసేది మేస్త్రీ. ఓడ ఛార్జీకి, ఇంటి ఖర్చుకు అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. కూలి మేస్త్రీ చేతిమీదుగానే వచ్చేది, అతడి భాగం పోగా మిగిలినది కూలీకి. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో తెలుగువారు లక్షన్నరకు పైన ఉండినారు. రంగూన్ ఊరి జనాభా అప్పుడు సుమారు నాలుగు లక్షలు, అందులో సగానికి మించి భారతీయులే. రేవులో మూటలు మోసినవాళ్ళు, రిక్షాలు లాగినవాళ్ళు ఎక్కువమంది తెలుగువాళ్ళు. మన అనంతపురం వైపునుంచి పోయినవారు తక్కువ. మనకు సముద్రం దూరం, రైలెక్కి మద్రాసు చేరితే గానీ ఓడ కనిపించదు. అయినా ధాత కరువు నాటినుంచి ఊరు విడిచి పోవడం మన పీఠభూమికి కొత్త కాదు.

పాదుషా సమాధి

రెండోరోజు శుక్రవారం. జుమా తర్వాత జఫర్ దర్గాకు పోయినాము. ష్వేడగాన్ పగోడాకు దగ్గరలోనే జివాకా రోడ్డుమీద ఉంది. ఆ పగోడా బంగారు శిఖరం మూడువందల అడుగులకు పైగా లేచి ఊరంతటికీ కనబడుతుంది. దర్గా మాత్రం వెదుక్కుంటే గానీ కనబడదు.

చరిత్ర క్లుప్తంగా చెబుతాము. 1857 సెప్టెంబరులో ఢిల్లీ పడిపోయినాక జఫర్ హుమాయూన్ సమాధి దగ్గర పట్టుబడినారు. 1858 జనవరినుంచి మార్చి దాకా ఆయన ఎర్రకోటలోనే ఆయన మీద విచారణ జరిగింది. ఆ అక్టోబరులో ఎడ్లబండ్ల మీద బయలుదేరదీసి, డిసెంబరుకు రంగూన్ చేర్చినారు. అప్పటికి వయసు ఎనభై మూడు. కవికి కాగితం, కలం కూడా ఇవ్వలేదని చరిత్రకారులు రాసినారు. ఆయన పేరుమీద అందరి నోటా ఉన్న ప్రవాస గజల్ నిజంగా ఆయనదేనా అని పండితులు సందేహిస్తారు. అది కూడా పిల్లలకు చెప్పాలి.

1862 నవంబరు 7, శుక్రవారం తెల్లవారుజామున ఆయన పోయినారు. అదే రోజు సాయంత్రానికి పూడ్చినారు. కాపలాగా ఉన్న కెప్టెన్ డేవిస్ పై అధికారులకు రాసిన నివేదిక నేటికీ ఉంది. ఇటుకలతో గోరీ కట్టి, పైన నేలకు సమంగా గడ్డి పరచినామనీ, చుట్టూ దూరంగా వెదురు కంచె వేసినామనీ, ఆ కంచె శిథిలమయ్యే నాటికి గడ్డి అంతటా కమ్ముకుని ఆనవాలు మిగలదనీ అతడు రాసినాడు. అంటే గుర్తు చెరిగిపోవడం అనుకోకుండా జరిగినది కాదు, అది పథకం.

పథకం పారింది కూడా. బేగం జీనత్ మహల్ 1886లో పోయేనాటికే పాదుషాను పూడ్చిన చోటు ఇదీ అని గట్టిగా చెప్పగలవారు లేకపోయినారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రంగూన్ ముస్లింలు గొడవచేసి అర్జీలు పెట్టినారు. 1907లో ప్రభుత్వం ఒక రాతి పలక వేయించింది. ఆ పలక మీద, ఆయనను ఈ చోటికి దగ్గరలో పూడ్చినారు అని మాత్రమే ఉంది. దగ్గరలో! ఎక్కడో వాళ్ళకూ తెలియదు. 1943లో నేతాజీ సుభాస్ చంద్రబోస్ వచ్చి తన సైనికులతో వందనం చేసినదీ ఆ 'దగ్గరలో' ఉన్న చోటుకే.

చివరికి 1991 ఫిబ్రవరి 16న అక్కడ కాలువ తవ్వుతున్న కూలీల గడ్డపారలకు మూడున్నర అడుగుల లోతున ఇటుక కట్టడం తగిలింది. అదే పాదుషా గోరీ. 1994 డిసెంబరులో దర్గా కట్టడం పూర్తయి తెరిచినారు. ఇప్పుడు పైన మూడు సమాధుల గుర్తులు ఉన్నాయి, పాదుషాది, బేగంది, మనవరాలిది. అసలు గోరీ మెట్లు దిగి పోతే కింద ఉంది. అక్కడి ముస్లింలు ఆయనను ఒక పీరుగా ఎంచి వస్తారు. మేము దిగి చూసినాము. చాదర్ కప్పి, అత్తరు వాసన వేస్తున్నది. నూట ఇరవై ఎనిమిది ఏండ్లు మట్టికింద ఉన్నా ఆయనను మనుషులు మరచిపోలేదు, వెదుకుతూనే ఉండినారు.

అక్కడ నిలబడినప్పుడు మాకు గుత్తి గుర్తుకు వచ్చింది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. గుత్తికోట కింద పూడ్చినారు. అయితే ఇంగ్లీషువాళ్ళు తమ గవర్నరును మన కరువు నేలలో వదలలేదు. 1831లో అవశేషాలను తవ్వితీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయి పెట్టుకున్నారు. మన్రో మంచివాడే, మన జిల్లాలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవారున్నారు. మేము అనేది అది కాదు. మనిషి సమాధికి ఎంత విలువో ఆ సర్కారుకు బాగా తెలుసు. తెలిసే ఒకదాన్ని మద్రాసు దాకా మోసుకుపోయింది, ఇంకొకదాన్ని గడ్డితో కప్పింది. 1885లో బర్మా చివరి రాజు తీబాను పట్టుకుని మన దేశంలోని రత్నగిరికి పంపినదీ ఆ సర్కారే. ఆయన 1916లో అక్కడే పోయినారు. ఢిల్లీ రాజు రంగూన్‌లో, బర్మా రాజు రత్నగిరిలో!

దొరకని సమాధులు

మూడోరోజు ఒక టీ అంగడిలో మేము తెలుగులో మాట్లాడుకుంటుంటే, పక్క పీటమీది ముసలాయన తిరిగి చూసి, "ఎవులు బాబూ మీరు?" అన్నాడు. వాళ్ళ తాత సికాకుళం నుంచి వచ్చినాడట. ఆయన పుట్టింది, పెరిగింది రంగూన్‌లోనే, సికాకుళం ఎన్నడూ చూడలేదు. మాది అనంతపురం అంటే ఎక్కడో తెలియలేదు. "ఓనలు పడతన్నాయా మీ కాడ?" అని మాత్రం అడిగినాడు. లేవన్నాము. "మా తాతా అదే చెప్పీవోడు" అన్నాడు.

ఆయన దగ్గర విన్నదీ, పుస్తకాల్లో మేము చదివినదీ కలిపి చెబుతాము. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేసినారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. తర్వాత రాజీ కుదిరి తెలుగువాళ్ళను మళ్ళీ తీసుకునేసరికి, మే 26న రేవు దగ్గర మొదలైన గొడవ ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చినారు. తిండి లేని ఇద్దరి మధ్య ఒక రొట్టె పారేసినట్టయింది. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశంనుంచి విడదీసినారు. మరుసటి ఏడు 1938లో గొడవలు ముస్లింల మీదికి మళ్ళినాయి. ఛోటే దాదా అప్పుడు అక్కడే ఉన్నారు. ఉత్తరంలో మాత్రం 'ఖైరియత్' అనే రాసినారు. ఇంటికి రాసే ఉత్తరాలు ఎప్పుడూ అట్లాగే ఉంటాయి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినాయి. రేవు కూలీలే ముందు చచ్చినారు. 1942 మార్చిలో ఊరు జపానువాళ్ళ చేతికి పోయింది. ఓడ టికెట్టు కొనగలిగినవాళ్ళు ఓడ ఎక్కినారు. మిగతావాళ్ళు నడిచినారు. అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు కొందరు, తామూ మీదుగా మణిపూర్‌కు కొందరు. నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచినారని అంచనా. దారిలో కలరా, మలేరియా, ఆకలి వల్ల వేలకువేలు చచ్చినారు. ఎంతమంది అన్నది ఎవరూ లెక్కపెట్టలేదు. అదే అరకాన్ నుంచి 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోవడం మనమంతా పేపర్లలో చూసినాము. ఇక 1962లో సైన్యం గద్దెనెక్కి అంగళ్ళు, వ్యాపారాలు సర్కారు పరం చేసినాక, ఇంకా లక్షలమంది కట్టుబట్టలతో మన దేశానికి వచ్చినారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఆ కాందిశీకుల పేరుమీదే ఉంది.

మా ఛోటే దాదా బాంబు కింద పోయినారో, కొండదారిలో పోయినారో, ఏ నది ఒడ్డున ఏ పుణ్యాత్ముడు మట్టి చేసినాడో ఖుదాకే తెలియాలి. పాదుషాను మట్టిలో దాచినవాడు కనీసం కాగితం మీద రాసిపెట్టినాడు. కూలీల విషయంలో దాచవలసిన పని కూడా ఎవరికీ కలగలేదు. చివరిరోజు సూర్తీ మసీదులో అసర్ తర్వాత మేము ఛోటే దాదా పేరుమీద ఫాతిహా చదివినాము. డెబ్బై తొమ్మిది ఏండ్ల తర్వాత మా ఇంట్లో ఆయనకు అదే మొదటిది.

ఇంటికి వచ్చినాక

తిరిగి వచ్చినాక మా మనసులో పాదుషా కంటే ఛోటీ దాదీ ఎక్కువ మెదిలినారు. ఆమె సగం జీవితం భార్యా కాదు, వితంతువూ కాదు. పండుగకు కొత్త చీర కట్టుకోవాలన్నా సంకోచమే. 1939లోనే మన దేశంలో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త జాడ నాలుగు ఏండ్లు తెలియకపోతే భార్య కోర్టుకు పోయి నికాహ్ రద్దు అడగవచ్చునని అందులో స్పష్టంగా ఉంది. మన ఉలమాల చొరవతోనే ఆ చట్టం వచ్చింది. అనంతపురంలో కోర్టు మా ఇంటికి మైలు దూరం. ఆ సంగతి ఆమెకు చెప్పినవారు ఒక్కరూ లేరు. చెప్పవలసినవాళ్ళు మా ఇంటి మగవాళ్ళే, మా తాతగారితో సహా. తెలియక చెప్పలేదో, తెలిసీ చెప్పలేదో మేము ఇప్పుడు అనలేము. ఆ తప్పు మాదే.

ఇది పాత కథ అనుకోవద్దు. నేడు మన రంగూన్ కువైట్, సౌదీ. కదిరి, రాయచోటి వైపునుంచి ఎంతమంది ఆడవాళ్ళు, మగవాళ్ళు అక్కడ ఇండ్లలో, అంగళ్ళలో పనిచేస్తున్నారో మీకు మేము చెప్పనక్కరలేదు. మేస్త్రీ పోయి ఏజెంటు వచ్చినాడు. అడ్వాన్సు పోయి వీసా అప్పు వచ్చింది. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన ప్రభుత్వం విమానాలు పంపి లక్షకు పైగా మందిని తీసుకొచ్చింది. 1942లో నడిచినవాళ్ళకు అది లేదు. కానీ అక్కడ కనుమూసినవారిని చాలాసార్లు అక్కడే ఖననం చేస్తారు. ఏ ఖబరస్తాన్‌లో, ఏ వరుసలో అని ఇంటివాళ్ళకు చెప్పేవారుండరు. ఫోను వస్తుంది, ఏడుస్తారు, అంతే.

అందుకని సభ్యులకు మా మనవి ఒక్కటే. మన సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు పెడదాము. ఊరు విడిచి పరదేశం పోయిన ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, పోయిన తేదీ, పనిచేసే చోటు, పాస్‌పోర్టు నంబరు, ఏజెంటు పేరు అందులో రాయిద్దాము. ఏడాదికి ఒకసారి ప్రతి ఇంటికీ పోయి మనిషి క్షేమం విచారించి తేదీ వేద్దాము. పోయినవారి విషయంలో ఖబరస్తాన్ పేరు, గోరీ నంబరు కనుక్కుని రాద్దాము. జాడ తెలియని మనిషి భార్యకు చట్టం ఏమి చెబుతుందో ఆమెకే, ఆమె భాషలో, కూర్చోబెట్టి చెబుదాము. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. నూరు పేజీల పుస్తకం, ఒక కలం, నెలకు రెండు ఆదివారాలు చాలు. రాసే పని మేము చేస్తాము, ఉర్దూలోనూ తెలుగులోనూ.

పాత పేర్లు కూడా తెండి. మీ ఇంట్లో ఇనప పెట్టె అడుగున ఏ ఉత్తరమో, మనియార్డరు చీటీయో ఉండవచ్చు. పారేయకండి. ఆ రిజిస్టరులో మొదటి పేరు మా ఛోటే దాదాది రాయాలని మా కోరిక. పోయిన సంవత్సరం గడిలో 1936 అని రాస్తాము. చోటు గడిలో, మొఘల్ స్ట్రీట్, సూర్తీ మసీదుకు దగ్గరలో అని రాస్తాము. పక్క వరుసలో ఛోటీ దాదీ పేరు. ఆమె గోరీ మాత్రం మాకు తెలుసు. మన ఖబరస్తాన్‌లోనే, వేపచెట్టు కింద ఉంది.

వస్సలామ్.